మాట్లాడని రెండు వరుసలు

నాకు చూపు పోయి నాలుగేళ్లయింది. షుగరు కళ్ల మీదికొచ్చింది. అంతకుముందు ఇరవై ఏళ్లు తహసీల్దారు ఆఫీసు గోడ పక్కన బల్ల వేసుకుని జనాలకు అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. పింఛను ఆగిపోయినా, పాసుపుస్తకంలో పేరు తప్పు పడినా నా దగ్గరికే వచ్చేవారు. చూపు పోయాక చాలా రోజులు మంచం దిగలేదు. తర్వాత కర్నూలులో చూపు లేనివాళ్లకు కంప్యూటర్ నేర్పే చోట మూడు నెలలున్నాను. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే గొంతు ఒకటుంటుంది. తెలుగును తెలుగు రానివాడు చదివినట్టే చదువుతుంది, కానీ నాకు అదే దేవుడిచ్చిన వరం. తిరిగొచ్చేటప్పుడు కర్నూలులోనే ఒక పాత కంప్యూటరు, ప్రింటరు కొనుక్కుని మైదుకూరు దగ్గరి మా ఊరికి తెచ్చుకున్నాను.

తెచ్చిన మొదటిరోజే చిక్కు బయటపడింది. మీట నొక్కితే లోపలి ఫ్యాను తిరిగేది, ఒకసారి బీప్‌మనేది. ఆ తర్వాత ఎంతసేపు చూసినా గొంతు రాదు. షాపతనికి ఫోను చేశాను.

"ఏం లేదప్పా, మొదట్ల రెండు పేర్లు వస్తాయి. కింది దాన్ని ఎంచుకోని ఎంటర్ కొట్టు, అంతే" అన్నాడు.

"వస్తాయంటే యాడ వస్తాయి? నాకు కనపడవు కదప్పా" అన్నాను. అతను ఇంట్లో ఎవరైనా నొక్కిపెడతారులే అని పెట్టేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

సంగతేమిటంటే, చదివే గొంతు సిస్టం, అంటే కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాం, పూర్తిగా తెరుచుకున్నాకే లేస్తుంది. ఆ రెండు పేర్లూ అంతకంటే ముందే వస్తాయి. వాటిలో పైది పాడైపోయిన పాత సిస్టం, దానిలోకి పోతే అక్కడే ఆగిపోతుంది. కిందిదే నాది. నా కంప్యూటర్ గుమ్మం దగ్గరే నాకు కనపడని ఒక ప్రశ్న నిలబడి ఉందన్నమాట. దానికి జవాబు చెప్పడానికి నా భార్య కావాలి.

ఆమె పొద్దున కూలికి పోయేముందు కంప్యూటర్ ఆన్ చేసి, కింది వరుస నొక్కి పోయేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. బాణం గుర్తు ఒకసారి, పెద్ద మీట ఒకసారి, అంతే నేర్చుకుంది. కానీ మా ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే. పదింటికి పోయి పన్నెండింటికి వచ్చేది. ఆ తర్వాత ఎవరైనా అర్జీకి వస్తే నేను చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. మధ్యాహ్నం ఆమె చేను నుంచి వచ్చి నొక్కి మళ్లీ పోయేది. ఆలోపల వచ్చినవాళ్లు మైదుకూరుకు బస్సెక్కేవాళ్లు. అక్కడి నెట్ సెంటరుకు ఆ డబ్బులు పోతాయని కాదు నా బాధ. నన్ను దాటిపోతున్నారన్నదే బాధ.

ఎవరూ లేకుండా దాన్ని దాటలేనా అన్న కుతూహలం నన్ను నిద్రపోనివ్వలేదు. బీప్ తర్వాత ఎంతసేపటికి ఆ వరుసలు వస్తాయో కొలుచుకోగలిగితే చాలనుకున్నాను. ముందుగా నొక్కితే అది వినిపించుకోదని రెండుసార్లకే అర్థమైంది. మా చర్చిలో పాట ఎత్తేవాణ్ణి నేనే. గడియారం కంటే పాటే నాకు అలవాటైన కొలత. బీప్ వినగానే ఒక చరణం పాడి, బాణం మీట, ఎంటర్ నొక్కాను. కాసేపటికి గొంతు పలికింది! ఆ రోజు ఇంట్లో ఒక్కణ్ణే ఉండి పెద్దగా నవ్వుకున్నాను.

అది క్రిస్మస్ ముందు మాట. ఆ నెలంతా, తర్వాత కొన్నాళ్లూ ఒక్క తప్పు లేకుండా నడిచింది. నా భార్య మధ్యాహ్నం రావడం మానేసింది. ఊళ్లో అర్జీలు మళ్లీ నా దగ్గరికి రావడం మొదలైంది.

శ్రమకాలం వచ్చింది. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులు మొదలవగానే కంప్యూటర్ మొరాయించింది. పాడతాను, నొక్కుతాను, గొంతు రాదు. మీట అదిమి ఆర్పి, మళ్లీ పెట్టి, ఇంకా నిదానంగా పాడతాను, అయినా రాదు. తొందరపడుతున్నానేమోనని మూడోసారి చరణానికి పల్లవి కూడా కలిపాను. లాభం లేదు.

"శ్రమకాలం కదా, అది కూడా ఉపవాసం ఉండాదేమో" అని నా భార్య ఎగతాళి చేసింది. నవ్వొచ్చింది కానీ లోపల కుమిలిపోయాను. ఆమె మళ్లీ మధ్యాహ్నాలు రావాల్సి వచ్చింది. అప్పటికి పసుపు తవ్వకాలు మొదలై పని ముమ్మరంగా ఉంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. "తెర మీద ఏముంటే అది చెప్పు. నీకు పనికిరానిదనిపించినా ఇడిసిపెట్టాకు" అన్నాను.

"పైన ఇంగ్లీషులో ఏమో రాసుండాది. దాని కింద రెండు వరసలు. పై వరస మింద తెల్లపట్టీ ఉండాది."

"ఇంకా?"

"అంతే. ఆ, కింద అంకె ఒకటుండాది. ఇరవై ఏడు. ఇరవై ఆరు. తగ్గతాండాది సూడు."

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. "అంకె తగ్గతాండాదా? ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలే కదా. నేను టక్కున ఒత్తి పోతాంటి."

అంకె సున్నా అయ్యేదాకా ఆమెను ఏదీ ముట్టుకోవద్దన్నాను. సున్నా కాగానే అది తనంతట తాను పై వరుసలోకి, ఆ చచ్చిన సిస్టంలోకి పోయింది. అప్పుడు తెలిసింది నా తెలివి. క్రిస్మస్ పాటలు డోలక్ మీద గబగబా నడుస్తాయి. శ్రమకాలం పాటలను మేము సాగదీసి పాడతాం, మా చర్చి ముసలమ్మలైతే చివరి మాటను ఊపిరి అయిపోయేదాకా వదలరు. ఏ కాలానికి ఆ పాటే నా నోటికొస్తుంది. ఒక్క చరణానికే నిమిషం దాటిపోయేది. ముప్పై సెకన్ల గడువు ముగిసి అది ఎప్పుడో వెళ్లిపోయాక నేను తీరిగ్గా మీట నొక్కుతున్నాను. పైగా రానప్పుడల్లా ఇంకా నిదానంగా పాడాను!

ఇక గబగబా పాడితే సరిపోయేది. కానీ నాకు పంతమొచ్చింది. పనికిరాని వరుస ఒకటి అక్కడ ఎందుకుండాలి? షాపతనికి మళ్లీ ఫోను చేసి ఆ ప్రశ్నే అడిగాను.

"పాతది తుడ్సకుండా పక్కన కొత్తది ఏసినాప్పా. ఎప్పుడన్నా పనికొస్తాదేమో అని" అన్నాడు.

"ఎవురికి పనికొస్తాది?"

కానీ మనిషి మంచివాడే. ఏ మాట టైపు చేస్తే ఆ రెండు పేర్లుండే పట్టిక తెరుచుకుంటుందో, అందులో ఎక్కడికి పోవాలో ఓపికగా చెప్పాడు. తీసేస్తే నా అర్జీలన్నీ పోతాయేమోనని భయపడ్డాను. "పట్టికలో పేరు మాత్రమే పోతాది, లోపల సామానంతా అట్లనే ఉంటాది" అన్నాడు.

మరునాడు నా భార్య నొక్కిపెట్టి పోయాక తలుపు మూసుకుని కూర్చున్నాను. అతను చెప్పిన మాట టైపు చేశాను. ఇన్నాళ్లూ నాకు వినపడని ఆ రెండు పేర్లనూ గొంతు మొదటిసారి నాకు చదివి వినిపించింది. కిందిదాని దగ్గర ఇప్పుడు నడుస్తున్నది ఇదేనని చెప్పింది. మొదట తెరవాల్సినది మాత్రం పైదేనట. బాగుందే, పనిచేసేది ఒకటి, పెద్దరికం ఇంకొకదానిది! ముందు ఆ పెద్దరికాన్ని నా సిస్టానికి ఇచ్చాను. తర్వాత పాతదాని మీదికి వెళ్లి, గొంతు చేత దాని పేరు నాలుగుసార్లు చదివించుకుని, డిలీట్ నొక్కాను.

ఆర్పి, మళ్లీ పెట్టాను. బీప్‌మంది. అలవాటు కొద్దీ పాట నోటిదాకా వచ్చింది, దాన్ని ఆపుకుని ఏ మీటా ముట్టకుండా కూర్చున్నాను. కాసేపటికి గొంతు తనంతట తాను పలికింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చూపు లేని కళ్లకు ఆ పనొక్కటి మిగిలింది.

నా భార్యకు ఫోను చేసి, ఇంక రావాల్సిన పని లేదని చెప్పాను. "మంచిది" అని మాత్రం అంది.

ఆ సాయంత్రం ఆమెతోపాటు చేనులో పనిచేసే ఒకామె తన అత్త పింఛను కోసం అర్జీ రాయించుకోవడానికి వచ్చింది. పగలు రెండుసార్లు కరెంటు పోయినా, రాగానే కంప్యూటర్‌ను నేనే మళ్లీ పెట్టుకున్నాను. అర్జీ టైపు చేసి, ప్రింటు తీసిచ్చాను. ఆమె కాగితం మడుచుకుంటూ అంది:

"ఈపొద్దు వదిన మాతో కూచోని అన్నం తినిందన్నా. శానా దినాలకు."

"ఏం, రోజూ తినదా?"

"యాడ తింటాది? మేమంతా అన్నానికి కూచుంటే వదిన క్యారేరు మూత కూడా తీయకుండా ఇంటికి ఉరికేది. మళ్లా వచ్చేతలికి మేస్త్రీ పనికి పిలిచేది. మాపటి దాకా ఉత్త నీళ్లే."

నేను ప్రతి మధ్యాహ్నం నా భార్యను తిన్నావా అని అడిగేవాణ్ణి. తిన్యాలే అనేది. ఆ మాట విని నిశ్చింతగా అర్జీల్లో మునిగిపోయేవాణ్ణి. సిగ్గుతో నా తల వంగిపోయింది.

నా భార్య ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే అడిగాను, ఎందుకు చెప్పలేదని. పసుపు వాసన ఇంకా చేతులను వదల్లేదు.

"చెప్తే నువ్వు అర్జీలు రాసేది మానుకుంటావని" అంది.

నిజమే. మానుకునేవాణ్ణే.