తెకాయ్ అనే పేరు

సభాశాలలో ముసలివాళ్ల మాటలు రాసుకుంటూ కూర్చున్న నాకు ముందు కర్ర చప్పుడు వినిపించింది, పగడపు గులకరాళ్ల మీద. తర్వాత మనవరాలి చెయ్యి పట్టుకుని మకూరిత అవ్వ లోపలికి వచ్చింది.

తరావా దీవి సముద్రంలో కలిసిపోతుంటే మా కిరిబాస్ దేశాన్ని, అందరి వంశావళులతో సహా, ఒక యంత్రంలో దాచారు. చెప్పిన వంశం అందులో ఉన్నదానితో సరిపోతేనే కిరిబాస్ మనిషి, అప్పుడే దీవి విడిచి వెళ్లే ఓడలో చోటు.

ముసలామె యంత్రం దగ్గరికి వంగి, తాతముత్తాతల పేర్లు గొణిగింది. ఎర్ర దీపం వెలిగింది.

"ముత్తాత పేరు తప్పంటోంది అవ్వా," అంది గుమాస్తా తెరేతియా. "ఇక్కడ తెకాయ్ అని ఉంది."

"ఉండదా మరి! ఇరవై ఏళ్ల కిందట దానికి అలా చెప్పింది నేనే, ఇవాళ చెప్పింది అసలు పేరు. బయటివాడికి వంశం చెప్పేటప్పుడు ఒక పేరు మార్చి చెప్పాలి, లేకపోతే నేల కాజేస్తాడు. మీ అమ్మ నేర్పలేదటే?"

"నేర్పింది. ఇప్పుడు నేల ఎక్కడుందని? ఆ అబద్ధమే చెప్పు, పిల్ల ఓడెక్కుతుంది."

మకూరిత మనవరాలి వంక చూసి, మళ్లీ యంత్రం దగ్గరికి వంగింది. ముత్తాత పేరు దగ్గర తెకాయ్ అంది. పచ్చని వెలుగు ఆమె ముఖం మీదికి నీరులా ఎక్కింది.

బయట అసలు పేరు అడిగాను, రాసి ఉంచుదామని. ఆమె మనవరాలి తల నిమిరింది.

"రాసుకునేవాడూ బయటివాడే, నీకూ తెకాయే నాయనా. ఇక దీనికీ తెకాయే."