జవాబు చెప్పని రెండో మనిషి

సైబర్‌జయ అనే మలేషియా పట్టణంలో నేను అయిదేళ్ళు చేసిన ఉద్యోగం ఏమిటంటే, అమెరికావాళ్ళ ఇళ్ళకు ఫోన్ చేసి, వాళ్ళ ప్రభుత్వం బయటి దేశాల్లో చేస్తున్న పనుల గురించి వాళ్ళేమనుకుంటున్నారో అడగడం. పొద్దున్న ఆరున్నరకల్లా హెడ్‌ఫోన్లు తగిలించుకునేదాన్ని. మాకు తెల్లవారుతుంటే వాళ్ళకింకా నిన్నటి సాయంత్రం. గిన్నెలు కడుగుతున్న చప్పుడు, టీవీ, పిల్లల మీద కేకలు అన్నీ చెవిలో పడేవి. ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నామో చెప్పకూడదు. కంపెనీ ఇచ్చిన పేరుతో, కంపెనీ నేర్పిన యాసతో మాట్లాడాలి. ప్రశ్నలన్నీ ‘మన’తోనే ఉండేవి. మన ప్రభుత్వం, మన సైనికులు, మన మిత్రదేశాలు.

చేరిన కొత్తలో ఇంట్లో ఆ ప్రశ్నలు పైకి చదువుకుంటుంటే అమ్మ విన్నది. అమ్మ, తోటపనికి వలసొచ్చిన తెలుగువాళ్ళ బిడ్డ, ఇక్కడి బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగింది. ఇంగ్లీషు మాట్లాడదు గాని వింటే అర్థమవుతుంది.

“మన సర్కారంటన్నావేటే? ఆల్ల సర్కారు మనదెప్పుడయిపోనాది?”

“అలాగే సదవాల, అమ్మా. కాయితంలో అలాగే రాసున్నాది.”

“ఏటో, నాకు బాగునేదు,” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను నవ్వేశాను.

మా జాబితాలో ఉన్న ఇళ్ళకు మూడు నెలలకోసారి ఫోన్ చేసేవాళ్ళం. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఇద్దరినీ విడివిడిగా అడగాలి. అలా నా వంతుకు వచ్చిన ఇళ్ళలో ఒకటి ఒక చిన్న ఊళ్ళోది. బడిలో వంట చేసి మానేసిన ఒకావిడ ఆ ఇంట్లో ఉండేది. మొదటిసారి చాలా హుషారుగా మాట్లాడింది. దూరదేశాల యుద్ధాలకు మన సైనికులను పంపడం మీకు సమ్మతమేనా అని అడిగితే, “పూర్తిగా సమ్మతమే. మా అబ్బాయి అక్కడే ఉన్నాడు. మనవాళ్ళు వెళ్ళకపోతే ఇంకెవరు వెళ్తారు?” అంది.

ఇంట్లో పెద్దవాళ్ళు ఎంతమంది అంటే, “నేనూ మావాడూ,” అంది. నేను ‘రెండు’ అని కొట్టాను.

రెండోసారి జవాబులవే, హుషారు లేదు. మీవాడితో మాట్లాడవచ్చా అంటే ఇంకా రాలేదంది.

మూడోసారి ఫోన్ చేసిన వారం సుమత్రా దీవిలో తగలబడుతున్న అడవుల పొగ సముద్రం దాటి మా మీదికి వచ్చింది. ఆఫీసు కిటికీ అవతల రోడ్డు లేదు, ఎదురు భవనం లేదు. తెల్లటి గోడ ఒకటే. ఆవిడ ఫోన్ తీసి, నా మొదటి ప్రశ్న పూర్తికాకుండానే అంది.

“నన్ను తర్వాత అడుగుదువుగాని. ముందు వాణ్ణి అడుగు. ఇక్కడే ఉన్నాడు.”

ఫోన్ చేతులు మారినట్టుగా చప్పుడైంది. కుర్చీ కిర్రుమంది. తర్వాత ఊపిరి. నిదానంగా, దగ్గరగా.

నమస్కారం చెప్పి మొదటి ప్రశ్న చదివాను. జవాబు లేదు. జవాబు రాకపోతే ఇంకోసారి చదవాలని నియమం. చదివాను. గది అవతలి మూల నుంచి తల్లి గొంతు వినబడింది.

“వద్దంటున్నాడు.”

ఏడు ప్రశ్నలూ అలాగే చదివాను. నేను చదువుతున్నంతసేపూ ఆ ఊపిరి ఆగిపోయేది. ఆపగానే మళ్ళీ మొదలయ్యేది. మనం చెప్పేది ఒక్క ముక్క పోకుండా వినాలనుకునే మనిషి అలాగే ఊపిరి బిగబడతాడు. ప్రతిసారీ తల్లి దూరం నుంచి చెప్పేది, వద్దంటున్నాడని, కాదంటున్నాడని. చివరి ప్రశ్న, మన ప్రభుత్వం మీలాంటివాళ్ళ మాట ఎంతవరకు వింటుందనుకుంటున్నారు? అది చదివేసరికి ఊపిరి ఇంకా దగ్గరకొచ్చింది. హెడ్‌ఫోన్ లోపల నా చెవి వెచ్చబడింది. ఫోన్ పెట్టేశారు.

యుద్ధంలో దెబ్బతిని మాట పోయి ఇంటికొచ్చిన మనిషనుకున్నాను. ఒకరి బదులు ఇంకొకరు చెప్పిన జవాబు నమోదు చేయకూడదు కాబట్టి ఏం చేయాలో అడగడానికి మా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఇపో అనే ఊరి తమిళుడు, నేను అన్నా అని పిలిచేదాన్ని. రికార్డింగు రెండుసార్లు విన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద నెమ్మదిగా పెట్టాడు.

“ఈ ఇంట్లో ఎంతమంది?”

“ఇద్దరు.”

తన తెరను నావైపు తిప్పాడు. ఇంట్లో ఎవరెవరున్నారో రాయమని మేం పోస్టులో పంపే ఫారం ఆవిడ నింపి తిరిగి పంపింది. అది స్కాన్ అయి ముందురోజే ఆయనకు చేరింది, నా జాబితాలోకి ఇంకా ఎక్కలేదు. అడుగున చేతిరాతతో ఉంది: మావాడు పోయాడు. ఇకమీదట ఈ ఇంట్లో నేనొక్కదాన్నే.

“ఆవిడ ఊపిరే అయ్యుంటుంది,” అన్నాడు.

“ఆవిడ దూరం నుంచి మాట్లాడుతోంది కదా అన్నా. ఆ మాటల వెనక కూడా ఊపిరి వినబడుతోంది.”

ఆయన నావైపు చూడకుండా ఆ రికార్డింగు చెరిపేశాడు. “పోయినవాళ్ళ అభిప్రాయం మనకక్కర్లేదు,” అన్నాడు. కసిరినట్టు కాదు, మెల్లగానే.

ఆ మధ్యాహ్నం అమ్మకు చెప్పాను. భయపడుతుందనుకున్నాను. అమ్మ ఒకటే అడిగింది.

“ఆడినీ ‘మన’ అనే అడిగినావా?”

“అవునమ్మా.”

“ఎందుకెల్లినాడో ఆడికే తెలీదేమో. పోనోడిని పట్టుకుని, నీకిష్టమేనా అని అడిగినావు.”

తర్వాత చాలా రోజులు, అవతల ఫోన్ మోగకముందే హెడ్‌ఫోన్లో ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు ఉండేది. హెడ్‌ఫోన్లు మార్చినా పోలేదు. ‘మన’ అనే మాటను గబగబా చదివేసి దాటేసేదాన్ని.

మూడు నెలలకు ఆ ఇంటి నంబరు మళ్ళీ నాకు వచ్చింది. ఇంకెవరికైనా ఇచ్చేయొచ్చు. ఇవ్వలేదు. ఆవిడ ఒక్క రింగుకే ఎత్తింది.

“నువ్వేనా? గొంతు గుర్తుపట్టాను.”

కాగితంలో లేకపోయినా, మీ అబ్బాయి సంగతి తెలిసింది, చాలా బాధగా ఉంది అన్నాను.

“నీకెవరు చెప్పారు?”

“మీరే రాసి పంపారండీ.”

“నేనా?” అంది. “రాసే ఉంటాను. మరి ఆ రోజు నువ్వు వాడితో మాట్లాడావు కదా?”

లేదని చెప్పాల్సింది. “నేను చదివితే ఆయన విన్నారు,” అన్నాను.

“మళ్ళీ ఒక్కసారి అడుగుతావా? వాడు ఈమధ్య వంటింట్లోకి రావడం లేదు. నీ గొంతు వింటే వస్తాడేమో.”

మా మాటలన్నీ రికార్డవుతాయి. ఉద్యోగం పోవచ్చని తెలుసు. అయినా ప్రశ్నల కాగితం పక్కకు పెట్టేశాను.

“నేను మీ దేశం దాన్ని కాదమ్మా. మలేషియా నుంచి మాట్లాడుతున్నాను. అది మా ప్రభుత్వం కాదు.”

“అయితే ఏం? అడుగు.”

ఫోన్ బల్ల మీద పెట్టింది. ఆవిడ అడుగులు దూరంగా పోయాయి. నేను అడిగాను. “మీ ప్రభుత్వం మిమ్మల్ని అక్కడికి పంపింది. అది మీకు సమ్మతమేనా?”

ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చున్నాను. ఫ్రిజ్ రొద వినబడింది. ఎక్కడో దూరంగా ఒక బండి పోయింది. ఇంకేమీ లేదు. కాసేపటికి ఆవిడ వచ్చి ఫోన్ తీసుకుంది.

“లేడు కదా?”

“నాకేమీ వినబడలేదమ్మా.”

“సరే,” అంది. కుర్చీ లాక్కున్న చప్పుడైంది. “నా జవాబులు రాసుకో.”

ఏడూ చెప్పింది, ఒక్కదానికీ తడుముకోలేదు. సైనికులను పంపడం పూర్తిగా అసమ్మతం. ప్రభుత్వం మా మాట అసలు వినదు. చివరికి, “నువ్వూ కాస్త నిద్రపో అమ్మాయ్, గొంతు అలసిపోయినట్టుంది,” అని పెట్టేసింది.

కాగితంలో లేని మాటలు మాట్లాడానని ఆ కాల్ మొత్తం కొట్టేశారు. ఆమె అసమ్మతి ఆ విడత నివేదికలోకి వెళ్ళలేదు. నాకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చి, హోటళ్ళలో బసచేసినవాళ్ళ అభిప్రాయాలడిగే పనికి మార్చారు. అన్న మాత్రం, “నేనైనా అదే చేసేవాణ్ణేమో,” అన్నాడు, లిఫ్టు దగ్గర, ఎవరూ లేనప్పుడు.

తర్వాతి విడతలో ఆ నంబరు నా పాత సీటు పక్క అమ్మాయికి పడింది. కాల్ అవగానే ఆమెను అడిగాను. ఆవిడ మర్యాదగా ఏడింటికీ జవాబు చెప్పిందట, నాకు చెప్పిన జవాబులే. ఈసారి అన్నీ లెక్కలోకి ఎక్కాయి. ఇంట్లో ఎంతమంది అంటే ‘ఒక్కదాన్నే’ అందట.

నేను మెట్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఇక ఎవరినీ ఏ అభిప్రాయమూ అడగాలనిపించలేదు. ఆ నెలాఖరుకి మానేశాను.