గోధుమ జోకు

నేను పద్దెనిమిది కిలోలు తగ్గినప్పుడు చేవెళ్లలో నన్ను మెచ్చుకోని మనిషి లేడు. ప్లాట్ల బ్రోకర్లు బండి ఆపి మరీ ఏ జిమ్ముకు పోతున్నానని అడిగారు. మొయినాబాద్ వైపు ఫాంహౌసులు కట్టుకున్న పట్నం వాళ్లకు ఎంత పరుగెత్తినా కరగని పొట్ట నాకు ఆరు నెలల్లో మాయమైంది. కొత్త రంధ్రాలు పొడిచీ పొడిచీ నా బెల్టు జల్లెడైంది. నేను నడుస్తుంటే నా ప్యాంటు రెండడుగులు వెనక నడిచేది.

అసలు కిటుకు ఎవరికీ చెప్పలేదు. రోజుకు తొమ్మిదిసార్లు బాత్రూముకు పరుగు. ఆ ఏడాది మంచానికీ బాత్రూముకూ మధ్య నేను నడిచిన దూరమంతా కలిపితే ఢిల్లీ దాకా పోయి, ఎర్రకోట చూసి, తిరిగొచ్చి చేవెళ్ల బస్టాండులో చాయ్ తాగవచ్చు.

ఈ కొరివి కూడా నేనే తెచ్చి నెత్తిన పెట్టుకున్నాను. కాస్త షుగర్ ఉందనగానే అన్నం మానేసి మూడు పూటలా చపాతీలు పట్టాను. మా నాయనమ్మ ఉన్నన్నాళ్లు మా ఇంట్లో జొన్నరొట్టె తప్ప ఇంకో రొట్టె లేదు. భూముల ధరలు లేచాక గోధుమలు వంటింట్లోకి పెద్దింటి కోడలిలా నడిచొచ్చి కూర్చున్నాయి. చపాతీ తింటే రైతు కాస్తా ఆఫీసరైనట్టు లెక్క.

చివరికి పట్నంలో కడుపు డాక్టరు నా నోట్లోంచి కెమెరా దింపాడు. యాభై ఏళ్లలో నా లోపలికి తొంగిచూసిన మొదటి మనిషి ఆయనే. చూసి పెదవి విరిచాడు. పేగు లోపలి గోడకు మఖమల్ గుడ్డలాగా నూగు ఉండాలట. నాది పాత బస్సు సీటులాగా అరిగిపోయిందట. జబ్బు పేరు సీలియాక్. గోధుమల్లో గ్లూటెన్ అనే జిగురు ఉంటుంది, అది గిట్టక ఒళ్లు తన పేగునే తాను కొరుక్కుంటుంది. దీనికి మందు లేదు. బతికినన్నాళ్లూ గోధుమల మొహం చూడకూడదు.

ఇంటికి రాగానే మా ఆవిడ విచారణ మొదలుపెట్టింది.

“ఏమేం తినొద్దన్నడు?”

“చపాతి, పూరి, బ్రెడ్డు, బిస్కెటు, సేమియా, రవ్వ, మైదా. బార్లీ గూడ.”

“బార్లీ అంటె బీరు గాదు?”

“అదే.”

“అయితె మంచి డాక్టరే,” అని దేవుడి పటానికి దండం పెట్టుకుంది.

డాక్టరు అడిగిన ఆఖరి ప్రశ్న మాత్రం ఆవిడకు వెంటనే చెప్పలేదు. “ఇది రక్తసంబంధీకుల్లో ఉండొచ్చు. మీకు తోబుట్టువులున్నారా? బాగా సన్నగా, పొట్టిగా, రక్తం తక్కువగా, తిన్నది ఒంటబట్టకుండా, ఊరికే కడుపు గడబిడ అయ్యేవాళ్లు?” అన్నాడాయన.

నేను నవ్వాను. నవ్వక ఏం చేయను? మా చెల్లెలి మీద ముప్పై ఏళ్లుగా నేను వేసిన జోకులన్నీ ఆయన వరసగా చదువుతున్నాడు.

మా బంధువుల్లో పెళ్లయినా, పేరంటమైనా మైకు నా చేతికే ఇచ్చేవారు. నాకు ఎప్పుడూ దొరికే సరుకు మా చెల్లె. గాలి లేస్తే దాన్ని దూడతో పాటు గుంజకు కట్టేసేవాళ్లమని చెప్పేవాణ్ణి. డిగ్రీ చదివేటప్పుడు కూడా కండక్టరు దానికి హాఫ్ టికెట్టే కొట్టాడని చెప్పేవాణ్ణి. దాని పెళ్లిలో మైకు పట్టుకుని, “ఫొటోగ్రాఫరన్నా, చీర ఒక్కటే కనవడ్తున్నది, లోపల మా చెల్లె ఉన్నదో లేదో జర చూడు,” అన్నాను. ఫంక్షన్ హాలు పైకప్పు ఎగిరిపోయేంత నవ్వారు. పీటల మీద చెల్లె కూడా నవ్వింది. నవ్విందనే అనుకున్నాను.

ఇంకో జోకు ఉంది. అది మైకులో చెప్పింది కాదు. రెండోసారి కూడా చెల్లెకు కడుపు నిలవక దవాఖానలో ఉన్నప్పుడు, బయట వరండాలో చిన్నాయనలతో చాయ్ తాగుతున్నాను. అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. మొహాలు వేలాడితే నాకు నోరు దురద పెడుతుంది. “దానికే లోపల చోటు లేదు, ఇంకొకరికి కిరాయికేమిస్తది?” అన్నాను. ముగ్గురు చిన్నాయనలూ ముక్కుల్లోంచి చాయ్ వచ్చేలా నవ్వారు. వార్డు తలుపు ఓరగా తీసి ఉంది. ఆ తర్వాత చెల్లెకు పిల్లలు కలగలేదు.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన మర్నాడే ఫోన్ చేశాను.

“చెల్లె, నువ్వు గూడ రక్తపరీక్ష చేయించుకోవాలె. గోధుమలు పడ్తయో పడయో చూస్తరు.”

“ఇగ చపాతి మీద షురూ చేసినవా అన్నా?”

“నిజంగనే చెప్తున్న.”

“నా పెండ్లిల గూడ నిజంగనే అనుకుంటనే చెప్పినవ్,” అని పెట్టేసింది.

నా రిపోర్టులన్నీ ఫోనులో పంపాను. పేగు ఫొటో కూడా పంపాను. పడీపడీ నవ్వే బొమ్మ ఒకటి తిరిగి వచ్చింది. మా ఆవిడతో చేయిస్తే, “వదినా, నిన్ను గూడ కలుపుకున్నడా?” అందట. బావకు చేస్తే మొత్తం విని, “మస్తుందిరా, దసరాకు మైకుల చెప్పు,” అన్నాడు. ముప్పై ఏళ్లు కష్టపడి సంపాదించిన పేరు కదా, ఒక్క ఫోనుకు పోతుందా?

ఈలోగా నా బతుకే జోకైంది. పిండి గిర్నికి జొన్నలు తీసుకుపోయి, రాయికి గోధుమ పిండి అంటుకుని ఉంటుంది కడగమంటే, గిర్ని ఆయన నన్ను ఎగాదిగా చూసి, “పిండి తాకితె సస్తవా పటేలా?” అన్నాడు. ఇంట్లో ఇంగువ డబ్బా మీద చిన్నక్షరాల్లో గోధుమ పిండి అని చదివినప్పుడు, నెల రోజులుగా సాంబారు నన్ను ఎందుకు పరుగెత్తిస్తోందో అర్థమైంది. మా పొలాల్లో ఎవరూ వేయని జొన్నలు హైవే పక్క హోటల్లో రొట్టెలై పట్నం వాళ్ల కార్ల కోసం ఎదురుచూస్తుంటే, నేను వాళ్ల వెనక వరసలో నిలబడ్డాను. ఎంకేపల్లిలో ఒక పెళ్లికి పోతే మైకు నా చేతికి రాలేదు. చిన్నాయన కొడుకు పట్టుకుని, “మా అన్న ముంగట చపాతి పెట్టకుండ్రి, కేసైతది,” అన్నాడు. పైకప్పు మళ్లీ ఎగిరింది. పక్క వరసలో చెల్లె నవ్వలేదు. నా కంచంలోకి చూస్తూ కూర్చుంది. తను మూడు పూరీలు తిని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని హాలు వెనక్కి గబగబా నడిచింది. ఆ నడక నాకు బాగా తెలుసు. ఏడాది పాటు నేనూ అదే నడిచాను.

సురంగల్‌లో చెల్లె వాళ్లు కొత్త ఇల్లు కట్టుకుని సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. కథ అయిపోయింది. ప్రసాదం వదిలేసి పరుగెత్తిన అమ్మాయి మొగుడి పడవ మునిగిపోయిందని అయ్యగారు నా మొహంలోకే చూస్తూ చదివినట్టనిపించింది. గోధుమ రవ్వను నెయ్యిలో వేయించి, పాలు, చక్కెర, అరటిపండ్లు కలిపిన ప్రసాదం స్టీలు గిన్నెలో పెట్టుకుని చెల్లె అందరికీ పంచుకుంటూ వచ్చింది. నా ఉపాయం నాకుంది. చేతిలో పెట్టించుకుని, కళ్లకద్దుకుని, మా ఆవిడ కొంగులోకి దాటించాలి.

చెల్లె నా ముందు ఆగింది. చెంచా వాడలేదు. పిడికెడు తీసి నా అరచేతిలో పెట్టింది.

“తిను.”

“కండ్లకద్దుకున్న గద చెల్లె.”

“తిను అన్నా. నువ్వు తింటె రేపే పోయి రక్తమిస్త.”

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. “ఇరికిండు,” అన్నాడెవరో.

“నాకు ఇది విషం చెల్లె. నిజంగ.”

“నిజమో జోకో నాకెట్ల తెలుస్తది? సూస్త గద.” అని వంగి, నాకొక్కడికే వినపడేలా అంది. “పిడికెడుకు గూడ చోటు లేదా? దానికే లోపల చోటు లేదు, ఇంకొకరికి కిరాయికేమిస్తది అంటివి.”

మొహం మామూలుగానే ఉంది. వంగిన మనిషి నిలబడి, పక్కవాళ్లకు చెంచాతో పెట్టడం మొదలుపెట్టింది.

మా ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. విడిపించుకున్నాను. ఏడు నెలల తర్వాత రవ్వ నాలుక మీద పడింది. చెప్పకూడదు గానీ అంత రుచిగల విషం ప్రపంచంలో ఇంకోటి ఉండదు. నెయ్యి, యాలకులు, మగ్గిన అరటిపండు. వేళ్లు కూడా నాకాను.

రెండు గంటలు గడవలేదు. కొత్త ఇంట్లో పాలు పొంగించింది వాళ్లయితే, బాత్రూము ప్రారంభోత్సవం చేసింది నేను. పైనుంచీ కిందనుంచీ ఒకేసారి. కడుపులో ఎవరో జేసీబీతో పునాదులు తవ్వుతున్నారు. కొత్త టైల్స్ మీద చెంప ఆనించి ఎంతసేపు పడుకున్నానో తెలియదు. టైల్స్ చల్లగా ఉన్నాయి, మంచి రకమే వేయించారు.

తలుపు తీసేసరికి చెల్లె బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. పట్టుచీర కూడా మార్చుకోలేదు. అంతసేపూ అక్కడే ఉందని మా ఆవిడ తర్వాత చెప్పింది. ఎట్లున్నదని అడగలేదు. నీళ్ల చెంబు అందించింది.

“జోకు గాదన్నమాట,” అంది.

“కాదు. పరీక్షయ్యేదాక గోధుమలు మానకు. మానితె తెల్వదట.”

“ఎందుకు మానుత? ఇంకా గిన్నెడున్నది,” అని వంటింట్లోకి పోయింది.

మాట తప్పలేదు. మర్నాడు చేవెళ్లకొచ్చి రక్తమిచ్చి, మా ఇంటి ముందు నుంచే పోయింది, లోపలికి రాలేదు. వారానికి ఫోన్ వచ్చింది. పొద్దున, మా ఆవిడ జొన్నరొట్టెలు కొడుతోంది.

“వచ్చిందన్నా రిపోర్టు. నీ రక్తపరీక్షల నంబరెంత వచ్చింది?”

చెప్పాను.

“నాది మూడింతలు. గీ ఒక్కదాంట్లన్న నీకంటె పెద్దదాన్నైన.”

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

“కెమెరా గూడ ఎయ్యాలన్నడు. ఈ జబ్బు చిన్నప్పటి సందే ఉండొచ్చట,” అంది. “ఒక్కటడిగిన డాక్టరును. ముందుగాల్నే తెలిసుంటె నాకు పిల్లలు నిలుస్తుండెనా అని.”

“ఏమన్నడు?”

“నిలుస్తుండెనేమో, చెప్పలేమమ్మా అన్నడు.”

వంటింట్లో రొట్టె చప్పుడు ఆగింది. మా ఆవిడ పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఏమైందని కళ్లతోనే అడిగింది.

“ఏందన్నా, సప్పుడు లేదు?” అంది చెల్లె. “ఎయ్యి.”

“ఏంది?”

“జోకు. ఎప్పుడేసినా సగమే ఇంటుంటి, బాత్రూముకు ఉరుకుడే సరిపోతుండె. ఇయ్యాల ఖాళీగనే ఉన్న. ఎయ్యి, ఇంటున్న.”

చెల్లె ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. మా ఆవిడ కదల్లేదు.