గొర్రె కొమ్ముల సైకిల్‌కు చుట్టిన పచ్చ పోగు

దయ్యాలు, గాలి సోకడాలు, చేతబడులు అంటే నాకు ఒళ్లు మండుతుంది. మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా దవాఖానకంటే ముందు తాయెత్తు కట్టించే మేనత్త ఒకామె ఉండేది. ఆమెతో కొట్లాడి కొట్లాడి మొండోడన్న పేరు తెచ్చుకున్నాను. ఆ మొండితనం ఇప్పటికీ పోలేదు. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరేమైనా అనుకోండి.

మాది గద్వాల. చేనేత ఇల్లు. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. అప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఒకే జిల్లా. ఇంట్లో రెండు గుంట మగ్గాలుండేవి, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసేవి. ఒకదాని మీద నాయిన, రెండోదాని మీద శేఖర్ నేసేవాళ్లు. నాకు కూర్చునే ఓపిక తక్కువ, తిరుగుడు ఎక్కువ. అందుకే ఒక షావుకారు దగ్గర పనిచేసేవాణ్ణి. జూరాల డ్యామ్ దాటి ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న నేతగాళ్లకు పట్టు, జరీ ఇచ్చి, నేసిన చీరలు తేవడం నా పని.

శేఖర్ మాకు చుట్టం కాదు. నాలుగేళ్ల కింద పని అడుక్కుంటూ వచ్చాడు. అమ్రాబాద్ దిక్కు ఊరని, తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారని, తోడబుట్టినవాళ్లెవరూ లేరని చెప్పాడు. పనిమంతుడు, నోరు మంచిది. ఏడాది తిరిగేసరికి మా అమ్మ నాకంటే ముందు వాడికి అన్నం పెట్టేది. మా చెల్లెలు సుజాతకు వాణ్ణి చేసుకుందామని ఇంట్లో మొదట అన్నది నేనే.

నాయినకు ఇష్టం లేదు. "ఇల్లు సూడలే, వాకిలి సూడలే, ఎవలని ఇయ్యాలెరా పిల్లను?" అన్నాడు.

"వాని సంగతి నాకిడిసిపెట్టు నాయినా. నేనున్న" అన్నాను.

ఆ ఒక్క మాట మీద పెళ్లి ఖాయమైంది. రెండు నెలల్లో ముహూర్తం. ఆ రోజు నుంచి శేఖర్ నన్ను అన్నా అనడం మానేసి బావా అనసాగాడు. ఆ పిలుపు వింటే నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

అప్పట్లో నాకు గేర్ల సైకిల్ కొనాలని మహా కోరిక. డ్యామ్ మీద ఎదురుగాలి కొడితే మామూలు సైకిల్ ముందుకు కదలదు. బస్సును నమ్ముకుంటే రోజంతా స్టాండులోనే పోతుంది. "నేను సూస్త బావా" అని శేఖర్ ఒకరోజు వనపర్తి పోయి, బస్సు టాపు మీద ఒక సైకిల్ వేసుకొని వచ్చాడు. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్. రేసింగ్ సైకిల్. మా వాడలో పిల్లలు దాన్ని చూడగానే గొర్రె కొమ్ముల సైకిల్ అని పేరు పెట్టేశారు.

"పాలిటెక్నిక్ సదివే పిల్లగానిది బావా. సదువైపోయింది, ఊరికి పోతుండు. సింగిల్ హ్యాండ్ బండి" అన్నాడు.

ముందు చక్రం వంకర పోయి ఉంది. ఫోర్కు కూడా కొంచెం వెనక్కి నొక్కుకుపోయింది. యాక్సిడెంటు బండా అని అడిగాను. వాడు నా తల మీద చేయి పెట్టాడు. "నీ మీద ఒట్టు బావా. మోరీ కాల్వల పడ్డదంట, గంతే." నమ్మాను. నమ్మకపోవడానికి కారణం ఏముంది?

ఖాజా భాయి సైకిల్ షాపులో మూడు రోజులు పట్టింది దాన్ని బాగుచేయడానికి. ఫోర్కు వేడి చేసి సరిచేశాడు. నాలుగు స్పోకులు మార్చి రిమ్ముకు బెండు తీశాడు. చైను, ఫ్రీవీలు కిరోసిన్‌లో నానబెట్టి కడిగి, బేరింగు గుండ్లు కొత్తవి వేసి గ్రీజు పెట్టాడు. పక్కన కూర్చుని నేనూ చేయి కలిపాను. మిగిలింది హ్యాండిలే. దానికి టేపు బదులు మెరూన్ రంగు పట్టుపోగులు, ఆరు కలిపి, సందు లేకుండా చుట్టి ఉన్నాయి. ఎడమ వైపు బాగానే ఉంది. కుడి వైపు సగం దాకా ఒరుసుకుపోయి చీలికలైంది.

"గిదంత కోసేస్త, రబ్బరు గ్రిప్పులు ఏస్కో, మంచిగుంటది" అన్నాడు ఖాజా భాయి.

నేను కోయనివ్వలేదు. చేసిన తప్పు అదే. మా ఇండ్లల్లో పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినప్పుడు దాన్ని మగ్గం నుంచి తెంపి పారేయరు. పాత పోగుల చివర్లు అట్లాగే ఉంచి, వేళ్లకు బూడిద రాసుకుని, కొత్త పోగును ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. చిన్నప్పటి నుంచి చూసిన పని. పోగు చివర కనబడితే అతకడమే తప్ప కోయడం మా చేతికి రాదు. చిరిగిన ముక్క మాత్రం తీసేసి, మంచిగా ఉన్న మెరూన్ పోగుల చివరకు పచ్చ పట్టు అతికి, కుడి హ్యాండిల్ చివరి దాకా చుట్టాను.

ఆ పచ్చ పట్టు సంగతి చెప్పాలి. సుజాత పెళ్లిచీరకని నాయిన ఇంట్లోనే అద్దిన పట్టు అది. చిలకపచ్చ కావాలనుకుంటే రంగు కుదరక, పండబోయే కాకరకాయ రంగు వచ్చింది. నాయిన రుసరుసలాడాడు గానీ సుజాతకు అదే నచ్చింది. మిగిలిన పోగులు నేను తీసుకున్నాను. ఆ రంగు మళ్లీ అద్దమన్నా మా నాయినకే రాదు.

అతికేటప్పుడు ఒకటి గమనించాను. పాత పోగుల మెలిక ఎడమ వైపుకు తిరిగి ఉంది. నాది కుడి మెలిక, అందరిదీ అంతే. కాలేజీ పిల్లగాడి సైకిల్‌కు నేతపని ఎక్కడిదని శేఖర్‌ను అడిగాను. "నేనే సుట్టిన బావా, ఖాళీగ ఉందని" అన్నాడు. వాడిది కుడిచేతి వాటం, ఎడమ మెలిక రాదు. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

మొదటి వారం పోయి వచ్చాక చూస్తే అతుకు జరిగి ఉంది. బ్రేకు పక్కన నా బొటనవేలు ఆనే చోట అతికాను. ఇప్పుడది రెండు వేళ్ల మందం కిందికి పోయింది. పచ్చ తగ్గింది, మెరూన్ పెరిగింది. చుట్టు ఎక్కడా వదులు కాలేదు. అతుకు మెలిక ఎడమ వైపుకు తిరిగి ఉంది.

శేఖర్ తమాషా చేస్తున్నాడనుకున్నాను. వాణ్ణి అడిగితే ముఖం పాలిపోయింది. "నాకేం ఎరుక బావా, గా దారమంత తీసిపారెయ్" అన్నాడు. దొంగ దొరికాడని నవ్వుకున్నాను.

రెండో వారమూ అంతే. మూడోసారి పంతం పట్టాను. డ్యామ్ దగ్గర చాయ్ తాగుతూ, పట్టపగలు, అతుకు విప్పి మళ్లీ కుడి మెలిక పెట్టి, పైన బాల్‌పెన్నుతో గీత గీశాను. అక్కడి నుంచి ఆత్మకూరు దాకా ఎక్కడా దిగలేదు. చేయి హ్యాండిల్ మీద నుంచి తీయలేదు. ఆత్మకూరులో దిగి చూస్తే గీత లేదు. అతుకు ఇంకో రెండు వేళ్లు కిందికి జరిగింది. మెలిక ఎడమకుంది. నా చేతి కిందనే జరిగింది, నాకు తెలియలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మా మేనత్త నవ్వుతుంది.

ఆ తర్వాతి వారం షావుకారు నన్ను కొత్త ఊరికి పంపాడు. ఆత్మకూరు దాటాక చిన్న ఊరు, పేరు రాయను. అక్కడొక మగ్గం ఆరు నెలలుగా ఆగిపోయింది, సగం నేసిన చీర దాని మీదే ఉంది, సంగతి కనుక్కుని రమ్మన్నాడు. ఇంట్లో ఆ ఊరి పేరు చెప్పగానే శేఖర్ చేతిలో అటూ ఇటూ ఆడే నాడె ఆగింది. "గా ఊరు మంచిగుండదు బావా. నీళ్లు గూడ పుట్టవు. పోకు" అన్నాడు. పోక చస్తానా, నా బతుకుదెరువే అది.

ఆ ఇంటి ముందు సైకిల్ ఆపానో లేదో, నేను పిలవకముందే ఒకామె గబగబా బయటికి వచ్చింది. ఫ్రీవీలు టిక్కుటిక్కు చప్పుడు విని వచ్చిందట. నన్ను చూసి గడప దగ్గరే ఆగిపోయింది. ఆమె చూపు హ్యాండిల్ మీద ఉంది.

"గీ సైకిల్ నీ తానకెట్లొచ్చిందన్నా?" అని అడిగింది.

కొన్నానని చెప్పాను.

"గిది మా ఇంటాయనది. గీ సైకిల్ మీదనే డ్యామ్ కాడ లారీ తగిలి పోయిండు. రిపేరు చేపిస్తనని మా మరిది తీస్కపోయిండు."

మీ మరిది ఎవరమ్మా అని అడిగాను. అడగక్కర్లేకపోయింది. గోడ మీద ఫొటో ఉంది. చనిపోయినాయన పక్కన నిలబడి నవ్వుతున్నది శేఖర్.

ఆరు నెలల కింద శేఖర్ పన్నెండు రోజులు కనబడకుండా పోయి గుండుతో తిరిగొచ్చాడు. తిరుపతి పోయానన్నాడు. ప్రసాదమని లడ్డూ పంచిపెడితే ఇంటిల్లిపాదీ కళ్లకద్దుకుని తిన్నాం. ఆ గుండు తన అన్న కోసం చేయించుకున్నది. ఆ లడ్డూ ఏ బస్టాండులో కొన్నాడో.

ఆమె పేరు బాలమణి. నన్ను లోపలికి తీసుకుపోయి మగ్గం చూపింది. ఇద్దరు చిన్నపిల్లలు ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డారు. మా దగ్గర చీర మగ్గం మీద ఉండగా నేసే మనిషి పోతే, దాన్ని సగంలో కోయరు. కొడుకో తమ్ముడో కూర్చుని ముగించాలి. కొడుకు చిన్నోడు. తమ్ముడు వస్తానని పోయి మళ్లీ రాలేదు. గుంటలో సాలీళ్లు గూళ్లు కట్టాయి. చీర మీద దుమ్ము పేరుకుంది. మెరూన్ చీర. నేత ఆగిన చోట, చీరకు అడ్డంగా, వేలు మందాన పచ్చ చార ఉంది.

ఆ చార మీద మాత్రం దుమ్ము లేదు.

"గీ పచ్చది నాకెరుకలేదు. ఆయన పోయినంక గా గుంటల ఎవరు దిగలే" అంది బాలమణి. నేను బయటికి పోయి హ్యాండిల్ చూశాను. పచ్చ పోగు ఒక్క చుట్టు మిగిలింది. దాన్ని తెంపుకొచ్చి చార పక్కన పెట్టాను. పండబోయే కాకరకాయ రంగు. చార మొదట్లో మెరూన్ పోగుకు పచ్చ అతికిన చోట మెలిక ఎడమ వైపుకు తిరిగి ఉంది.

"మీ ఆయనది ఏ చేతి వాటం?" అని అడిగాను.

"ఎడమ చెయ్యి" అంది.

సైకిల్ అక్కడే వదిలేసి బస్సులో ఇంటికొచ్చాను. శేఖర్ నా ముఖం చూసి మగ్గం దిగాడు. దాచలేదు. అన్నతో కొట్లాడి ఇల్లిడిసి వచ్చాడట. కోపంలో ఊరి పేరు మార్చి, ఎవరూ లేరని చెప్పాడట. "అన్న పోయినంక చెప్దామనుకున్న బావా. వదిన, ఇద్దరు పిల్లలు నా మీద ఉన్నరంటె మీ నాయిన పిల్లనిస్తడా? సైకిల్ వదిన ఇంట్ల పెట్టి సూడలేకపోయిన, నీకు పనికొస్తదని తెచ్చిన" అన్నాడు.

"నా తల మీద ఒట్టేసినవ్ గదరా" అన్నాను.

అప్పుడు సుజాత కండెలు చుట్టడం ఆపి లేచింది. "నాకెరుకనే అన్నా. గుండుతోటి వచ్చిన నాడే నాకు చెప్పిండు. నీకు చెప్పొద్దని నేనే అన్న. నీకు తెలిస్తే నాయినకు చెప్తవు" అంది.

శేఖర్ అబద్ధం నన్ను కోపంతో మండించింది. సుజాత మాట నన్ను చంపేసింది. వాడి తరఫున నాయిన ముందు నిలబడి నేనున్నానన్నది నేను. ఆ మాట నేనంటున్నప్పుడు ఆమె పక్కనే కూర్చుని దారం చుడుతూ వింటోంది. అన్నీ తెలిసి వింటోంది.

పెళ్లి ఆపాలని నేనన్నాను, నాయిన అరిచాడు. సుజాత నాలుగు పూటలు అన్నం ముట్టలేదు. చివరికి ఆ చీర ముగిస్తేనే పెళ్లి అని శేఖర్‌తో చెప్పాను. వాడు పోయి అన్న మగ్గం మీద కూర్చుని ముగించాడు. మధ్యలో పచ్చ చార ఉన్న చీరను షావుకారు తీసుకోలేదు. బాలమణి దాన్ని పెళ్లినాడు సుజాతకు పెట్టింది. ఆమెను, పిల్లలను శేఖర్ ఈ రోజు దాకా సాకుతున్నాడు. అబద్ధమెందుకు, ఆ విషయంలో వాడికి వంక పెట్టలేను. అయినా వాడు బావా అంటే నేను ఇప్పటికీ పలకను.

శేఖరే దొంగతనంగా పోయి ఆ చార నేశాడేమోనని చాలాసార్లు అనుకున్నాను. మరి డ్యామ్‌కు, ఆత్మకూరుకు మధ్య నా చేతి కింద జరిగిన అతుకు సంగతేమిటి?

ఆ చీర సుజాత బీరువాలో ఉంది. ఎప్పుడైనా పోతే తీయించి చూస్తాను. అతుకు మీద వేలు పెడితే మెలిక ఇంకా తగులుతుంది. మా ఇంట్లో నేను నమ్మినవాళ్లే నన్ను మోసం చేసిన ఆ రెండు నెలలూ నాకు నిజం చెప్పాలని చూసింది నేను ఫొటోలో తప్ప ఎన్నడూ చూడని మనిషి ఒక్కడే. ఎట్లా చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు.