బాయి రాసిన కార్డులు

పత్రిక చదివే పెద్దలకు నమస్కారం. ముందుగా నా రాతను క్షమించండి. నాందేడ్ జిల్లా మర్ఖేల్ దగ్గరి పల్లెలో, మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు భజన పుస్తకం చూసి నేర్చుకున్నాను. ఒత్తులు పడవలసిన చోట పడవు. తప్పులు దిద్దుకుని చదవండి.

పోయిన నెలలో పోస్టుమాన్ సైకిలు దిగకుండానే చెప్పాడు. "కాకా, ఇగ నీకు నాందేడ్ కార్డులు రావు. పిల్లల హోము బాయి పోయిందట."

మా దిక్కు చదువు చెప్పే ఆడవాళ్లను, ఆఫీసు చూసే ఆడవాళ్లను బాయి అంటాం. ఆమె నాందేడ్‌లో సర్కారు పిల్లల హోముకు పెద్ద. నా అన్న బిడ్డను పన్నెండేండ్లు సాకింది. ఆ బిడ్డ ఇప్పుడు ఎక్కడుందో తెలిసిన మనిషి నాకు ఆమె ఒక్కతే ఉండేది. అందుకే ఎన్నడూ నలుగురిలో నోరు విప్పని నేను ఇది రాస్తున్నాను.

కరువు ఏడాది మా అన్న, వదిన రాళ్లు కొట్టే పనికి పోయారు. అక్కడే జ్వరం వచ్చి పది రోజుల తేడాతో ఇద్దరూ పోయారు. ఆరేండ్ల పిల్ల మిగిలింది. మా ఇంట్లో అప్పటికే నలుగురు పిల్లలు, జొన్న గటక తాగేది ఒక్కపూటే. ఊరి పటేల్ చెప్పాడు, "హోముల ఏస్తె బతుకుతది. పిల్లల కోర్టు హుకుం ఇస్తె పద్దెనిమిదేండ్ల దాక సర్కారే సాకుతది" అని.

నాయ్‌గావ్‌లో బస్సు మారి పిల్లను నాందేడ్ తీసుకుపోయాను. హోములోనే ఒక గదిలో కోర్టు కూర్చుంది. నీ పేరేందని జడ్జి అడిగితే పిల్ల తన పేరు, నాయన పేరు చెప్పి, నా వైపు వేలు చూపి "మా చిన్నాయిన" అంది. నేను సంతకం పెట్టాను.

మా వంశంలో బిడ్డను దత్తత ఇస్తే ఒక పద్ధతి ఉంది. నోట్లో బెల్లం పెట్టి, ఇంటి నుంచి తెచ్చిన చెంబుతో నీళ్లు విడిచి, చెంబు అక్కడే వదిలి, వెనక్కి చూడకుండా రావాలి. ఆ తరువాత ఆ గడప తొక్కకూడదు, మా బిడ్డ అనకూడదు. సర్కారు కాగితం మీద సంతకం పెట్టానంటే సర్కారుకు దత్తత ఇచ్చినట్టే అనుకున్నాను. హోము వరండాలో బెల్లం పెట్టాను. నీళ్లు విడుస్తుంటే బాయి పరుగెత్తుకొచ్చింది. చేతులకు జొన్నపిండి ఉంది. ఆమెది ధర్మాబాద్, తెలుగు మా లాగే మాట్లాడేది.

"ఏంది అన్నా, గా నీళ్లేంది?"

"ఇచ్చేసిన కద బాయీ."

"ఎవలకిచ్చినవ్? ఇది దత్తు గాదు. దత్తుకు కాగితమే వేరె. కోర్టు ఇచ్చింది తాబా. బిడ్డను దగ్గర పెట్టుకొని సాకేటి అధికారం, గంతే. చుట్టరికం నీదే. నెలకొక్క ఆదివారం అచ్చి చూడు. సెలవులల్ల తీస్కపో, కాగితం నేను రాసిస్త. నీ దినాలు మంచిగైతె దరఖాస్తు పెట్టు, కోర్టు చూసి మళ్లిస్తది. సమజైందా?"

తల ఊపాను. వెనక్కి చూడకుండా వచ్చేశాను.

రెండు నెలలకు మొదటి కార్డు వచ్చింది. మరాఠీలో, చిన్న అక్షరాలు, చోటు చాలక అంచుల చుట్టూ తిప్పి రాసేది. ప్రతి కార్డులో ముందు బిడ్డ ఎత్తు ఉండేది. కిటికీ చెక్క దాకా వచ్చింది, తలుపు గొళ్లెం దాకా వచ్చింది అని. చివర వచ్చే భేటీ ఆదివారం ఏ తేదీనో ఉండేది. సర్కారు కాపలా కాస్తుంది కాని అమ్మానాన్నా కాలేదు, మీరు రండి అని ఒకసారి రాసింది.

ఊళ్లో అడిగినవాళ్లకు మాత్రం దత్తత ఇచ్చాను, పోకూడదు అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం. అది దత్తత కాదని వరండాలో తెలియలేదేమో, మొదటి కార్డు చదివాక తెలిసింది. నాలుగో తరగతి చదువు దానికి సరిపోతుంది. తెచ్చుకుంటే ఇంకొక కంచం పెట్టాలి. పోయి చూసి వస్తే తెచ్చుకోవాలనిపిస్తుంది. అందుకే పోలేదు. వానలు పడి పంటలు పండిన తరువాత కూడా పోలేదు. అప్పటికి ముఖం చెల్లలేదు.

బిడ్డకు పద్నాలుగు వచ్చినప్పుడు బాయే సెలవు కాగితం రాసుకుని మా ఊరికి తీసుకొచ్చింది. మా ఇల్లు జొన్నచేను అంచున ఉంటుంది. బాటలో ఇద్దరినీ చూసి చేనులోకి దూరి కూర్చున్నాను. అన్నీ వినబడుతూనే ఉన్నాయి. "డెగ్లూరు సంతకు పోయిండు, పొద్దుగూకినంక అస్తడు" అంది మా ఇంటామె.

బాయి చేను వైపు చూసింది. నా తలకు చుట్టిన తెల్ల రుమాలు కనబడ్డదేమో. "జొన్న ఈసారి మంచిగనే ఎదిగింది వదినా, కని మనిషిని దాచేటంత ఎదగలె. అన్న అస్తె చెప్పు" అంది. సంచిలోంచి నేను వదిలేసి వచ్చిన చెంబు తీసింది. చింతపండుతో తోమి తెచ్చింది. "ఇది మీ ఇంటిది. దత్తు గాలె కద, మా దగ్గరెందుకు?"

అప్పుడు పిల్ల గొంతు విన్నాను. "చిన్నమ్మా, చిన్నాయిన అస్తె కాళ్లు కడుక్కునేటందుకు నీళ్లు యాడ తోడాలె?"

అప్పుడైనా లేవవలసింది. లేవలేదు. వాళ్లు రొట్టె తిని బస్సుకు పోయాక బయటకొచ్చాను. "సంత నుంచి అచ్చినవా? ఏం తెచ్చినవ్?" అంది ఇంటామె. అరుగు మీద నిండు చెంబు ఉంది, మీద మోదుగాకు మూసి. ఆ నీళ్లతో కాళ్లు కడుక్కోలేకపోయాను. చీకటి పడేదాకా పక్కనే కూర్చున్నాను.

దానికి కూడా బాయి నన్ను ఒక్క మాట అనలేదు. కార్డులు వస్తూనే ఉన్నాయి. ఏడాదిన్నర కిందటి కార్డులో ఎత్తు లేదు. "బిడ్డకు పద్దెనిమిది నిండింది. హుకుం తీరిపోయింది. ఇప్పుడు మీకు ఆమెకు నడుమ ఏ కాగితమూ లేదు. దవాఖానలో ఆయా పని దొరికింది. చిరునామా కింద ఉంది, మీరే రాయండి" అని ఉంది. రేపు రాద్దాం అనుకున్నాను.

బాయి పోయిందని విన్నాక ఆ చిరునామాకు జాబు రాశాను. ఆ మనిషి ఇక్కడ లేదని తిరిగి వచ్చింది. నాందేడ్ పోయాను, పదమూడేండ్లు దాటిన తరువాత మొదటిసారి. కొత్తగా వచ్చిన సారు ఫైలు తీయించి చూశాడు. "పద్దెనిమిది నిండినంక మా కాగితం బంద్ అయితది బాబా. తర్వాత యాడికి పోయిన్రో మేం రాయం. గదంత బాయే యాదిల పెట్టుకునేది" అన్నాడు. వచ్చేటప్పుడు తలుపు గొళ్లెం దగ్గర పెన్సిలు గీతలు చూశాను. ఎవరి గీత ఏదో నాకు తెలియదు.

ఆ హోములో పెరిగినవాళ్లు ఎవరైనా ఇది చదివితే, నాయన రాళ్లపనిలో పోయిన మర్ఖేల్ దిక్కు పిల్ల, పద్నాలుగో ఏట ఊరికి ఒక చెంబు తీసుకుపోయిన పిల్ల ఎక్కడుందో పత్రిక వాళ్లకు ఒక కార్డు రాయండి. ఆమే చదివితే, బిడ్డా, నేను సంతకు పోలేదు. చేనులోనే ఉన్నాను. ఇప్పుడు చేను కోసేశారు, అరుగు మీద నుంచి బస్సు ఆగే చోటు దాకా కనబడుతుంది. పొద్దుగూకే ముందు చెంబు నింపి, మోదుగాకు మూసి పెడుతున్నాను. జాబు తొందరగా రాయి.