ఎల్లమ్మ పట్నం మీద బూటు జాడలు

దొర కొడుకా, ఈ రోజు నువ్వు ఎల్లమ్మ పట్నాన్ని బూట్లతో తొక్కావు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఇసుక మీద ఎల్లమ్మ పూజలు చేసే బైండ్ల మల్లయ్య తాత పొద్దుటి నుంచి పసుపు, కుంకుమ, ఆకుపొడితో వేసిన పూజ ముగ్గు, ఆ పట్నం. పూజయ్యాక వేసినవాడే చెరపాలి. నువ్వు ఫోటో కోసం దాని నడుమ నిలబడ్డావు.

"మట్టి మీద ముగ్గే గద ముసలోడా, మళ్ల ఏస్కో" అన్నావు.

"ఏస్త దొరా. నీ అడుగులు సుత ఏస్త, అమ్మ సూసుకుంటది" అని తాత నీ బూటు జాడల చుట్టూ కుంకుమ గీత గీశాడు.  పక్కనే ఉండి అదంతా చూసిన నేను నేరుగా మా షెడ్డుకు వచ్చాను.

నువ్వు రిపేరుకిచ్చిన మోటారు కారు పంజాగుట్టలో మా షెడ్డులోనే ఉంది. చక్రాలు ఊడదీసింది నేనే. ఇది వింటున్న అమీర్‌పేట అన్నలారా, నాది తప్పయితే చెప్పండి. దొర కొడుకా, రేపు పొద్దుగూకేలోపు ఉత్త కాళ్లతో వచ్చి తాతకు తప్పయిందని చెప్పు. అప్పటిదాకా చక్రాలు ఎక్కవు.