ఒక్క చుట్టు ఈక

చేపలకు ఎరగా ఎర్నీ ఆల్డర్సన్ కట్టే నకిలీ గాలపు పురుగు చూడముచ్చటగా ఉంటుంది. కొక్కేనికి నారింజరంగు పట్టుదారం చుట్టి, మెడ దగ్గర కౌజుపిట్ట మెత్తటి ఈకను మూడు చుట్లు తిప్పుతాడు. చూసినవాళ్లకు అది నీళ్లలో రెక్కలు విప్పుకుంటూ పైకి తేలే పురుగే అనిపిస్తుంది. వార్ఫ్ నదిలో ట్రౌట్ చేపలకు మాత్రం అనిపించదు. అవి పోయి పోయి క్లెమ్ థ్వైట్ కట్టిన బోడి పురుగునే మింగుతాయి.

"ఏం ఎర్నీ, ఇవాళ కూడా నీ పురుగులకు స్నానాలేనా?" అంటాడు క్లెమ్. అడిగితే ఒకటి చేతిలో పెట్టేవాడే. ఆల్డర్సన్ చస్తే అడగడు. మొన్న క్లెమ్ టోపీ గోడమీద పెట్టి టీ తాగుతుంటే, దానికి గుచ్చిన పురుగొకటి కాజేసి, ఇంటికెళ్లి భూతద్దం కింద పోగుపోగూ విప్పాడు. ఈక ఒక్క చుట్టే! ఈకలు పీకిన కోడిలా ఉందని చీదరించుకుంటూనే అచ్చం అలాంటిదే కట్టాడు.

మర్నాడు రెండోసారి విసరగానే మూరెడు ట్రౌట్ పడింది. గట్టుమీద పోతున్న, ఇద్దరికీ తెలిసిన సెత్ ఆగి, చేపను ఎత్తిన చేతివలలోకి వంగి దాని నోట్లోని పురుగును చూశాడు.

"ఓహో, క్లెమ్ పురుగా! వాడి చేయి ఎక్కడున్నా తెలిసిపోతుందిరా. ఉండు, వాణ్ణి పిలుచుకొస్తా. చూసి మురిసిపోతాడు."

'నేనే కట్టాను' అన్న మాట ఆల్డర్సన్ నాలుకదాకా వచ్చింది. ఎలా నేర్చావంటే ఏం చెప్పాలి? సెత్ మలుపు తిరగ్గానే కొక్కెం ఊడదీసి, చేపను నదిలోకి వదిలేశాడు.

"ఏదోయ్ చేప?" అంటూ వచ్చాడు క్లెమ్.

"ఏ చేప?" అన్నాడు ఆల్డర్సన్.